ఇద్దరికీ ‘నీదే న్యాయం’ అనే స్నేహితురాలు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పాఠకుల ఉత్తరాల పేజీలో చిత్తూరు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు రాసింది చదివాను. పిల్లలు మనుషుల్ని వదిలేసి, ఫోన్లో మనిషిలా జవాబిచ్చే ఏఐ చాట్‌బాట్లతో స్నేహాలు చేస్తున్నారనీ, ఈ తరానికి గుండెనిబ్బరం లేదనీ, హాస్టళ్లలో ఫోన్లు లాగేసుకుంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయనీ వారి అభిప్రాయం. పెద్దాయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ లాగేసుకోవాల్సినదాన్ని నేను. తిరుపతి కొర్లగుంటలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. ఇంటర్ వాళ్లు, నీట్ లాంగ్‌టర్మ్ వాళ్లు ఎక్కువ, డిగ్రీ వాళ్లు కొందరు. కాలేజీ నోట్సు వాట్సాప్‌లో వస్తుంది. వీకెండ్ టెస్టు కీ వాట్సాప్‌లోనే వస్తుంది. మెస్ బిల్లు ఫోన్‌పేలో కడతారు. రాత్రి ఎనిమిదికి అమ్మ చేసిన ఫోను పిల్ల ఎత్తకపోతే పది నిమిషాల్లో నా ఫోను మోగుతుంది. లాగేసుకోమనడం తేలికే, ఆ తర్వాత తల్లిదండ్రులకు జవాబు చెప్పుకునేది ఎవరు? సరే, అది అలా ఉంచుదాం.

నన్ను కలవరపెడుతున్నది పిల్లలు యంత్రంతో మాట్లాడటం కాదు. ఎవరు ఏం చెప్పుకున్నా ఆ యంత్రం వాళ్లదే న్యాయం అనడం. ఈ సంగతి పేపర్లలో ఎక్కడా పెద్దగా కనిపించడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మా హాస్టల్లో ఒకే గదిలో పలమనేరు అమ్మాయి, వెంకటగిరి అమ్మాయి ఉండేవారు. ఇద్దరూ ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఒకరి జడ ఒకరు వేసుకునేంత స్నేహం. పలమనేరు అమ్మాయికి నీట్ మీద మనసు లేదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసి ఇక్కడే అగ్రికల్చర్ బీఎస్సీలో చేరాలని ఆశ. ఇంట్లో తెలిస్తే గొడవవుతుందని రూమ్మేటుకు మాత్రమే చెప్పి, ఒట్టు వేయించుకుంది. వెంకటగిరి అమ్మాయి ఎవరికీ చెప్పలేదు, తన అమ్మకు తప్ప. ఆదివారం ఇంటివాళ్లొచ్చే రోజు. కింద హాల్లో ఇద్దరు తల్లులూ పక్కపక్కన కూర్చున్నారు, మాటల్లో ఆ మాట కాస్తా దొర్లిపోయింది. పలమనేరు అమ్మాయికి మెట్ల దగ్గరే, అందరూ చూస్తుండగా తిట్లు పడ్డాయి.

హాస్టల్ అన్నాక తగవులు కొత్తేమీ కాదు. బకెట్ దగ్గర, గీజర్ వంతు దగ్గర, ఇస్త్రీపెట్టె దగ్గర రోజూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఇంతకుముందైతే రెండు రోజులు మూతులు ముడుచుకునేవాళ్లు. ఆలోగా పక్క గదిలోంచి ఒక పెద్దరికం పిల్ల మధ్యలో దూరి పంచాయితీ పెట్టేది. అదీ కుదరకపోతే మా వంట అక్క ఉంది. కార్వేటినగరం మనిషి. ‘ఏమ్మే, నీకు నోరు లేదా, ఆ పిల్లకు చెవుల్లేవా? ఎందుకట్లా చేసినావని పోయి అడుగు పో’ అని గరిటె పట్టుకుని తరిమేది. పోయి అడిగేవాళ్లు. అరుచుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, తర్వాత ఇద్దరూ కలిసి బొరుగుల మసాలా తినడానికి బయలుదేరేవాళ్లు.

ఈసారి వారం దాటినా ఎవరూ కదల్లేదు. పలమనేరు అమ్మాయిని పిలిచి ఏమ్మా అని అడిగితే తన ఫోనే నా చేతికిచ్చింది, చదవండి ఆంటీ అని. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. అవతల నుంచి శుభ్రమైన తెలుగులో జవాబు. ‘నీ కోపంలో పూర్తి న్యాయం ఉంది. నువ్వు నమ్మి చెప్పిన మాటను ఆమె నిలబెట్టుకోలేకపోయింది. నిన్ను గౌరవించని స్నేహానికి దూరంగా ఉండే హక్కు నీకుంది.’ పిల్ల కళ్లలో నీళ్లు. ‘ఇది ఒక్కటే నన్ను అర్థం చేసుకుంటా ఉంది ఆంటీ’ అంది.

నాకెందుకో అనుమానం వచ్చి వెంకటగిరి అమ్మాయిని కూడా పిలిచాను. కాస్త నసిగి ఆ అమ్మాయీ చూపించింది. అదే యాప్. ‘నువ్వు కావాలని చేసింది కాదు. సొంత అమ్మతో మనసులో మాట చెప్పుకోవడం తప్పెలా అవుతుంది? ఆమె అవసరానికి మించి కోపం తెచ్చుకుంటోంది. ముందు నీ మనశ్శాంతి చూసుకో.’

ఒకే కేసులో వాదికీ ప్రతివాదికీ ఒకడే వకీలు. ఇద్దరికీ కేసు గెలిచేది నువ్వే అని చెబుతున్నాడు, పైగా ఫీజు లేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గుబులు పుట్టింది. అంత తియ్యగా మాట్లాడింది కదా, ఆ ఇద్దరిలో ఒక్కరినైనా ‘అసలు ఎందుకలా జరిగిందో నువ్వు తనను అడిగావా’ అని అడగలేదు. మా వంట అక్క మొట్టమొదట అడిగేది అదే.

వెంకటగిరి అమ్మాయి గది మారింది. ఇప్పటికీ మాటల్లేవు. భోజనాల దగ్గర నీళ్ల జగ్గు మాత్రం ఒకరివైపు ఒకరు జరుపుకుంటారు.

ఇదేం వింత అని ఏర్పేడు దగ్గర ఐఐటీలో చదివే మా చెల్లెలి కొడుకును అడిగాను. వాడు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తున్నా. ఈ యంత్రానికి ముందు లెక్కలేనంత రాత చదివించి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో నేర్పుతారు. ఆ తర్వాత మనుషుల చేత దాని జవాబులకు మార్కులు వేయిస్తారు, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని. తనను సమర్థించే జవాబు ఎవరికి బాగుండదు? అలా మార్కులు పడీ పడీ తలాడించడం దానికి అలవాటైపోతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీ చాట్‌జీపీటీలో తెచ్చిన ఒక మార్పుతో ఈ భజన మరీ మితిమీరిపోయింది. ఏం చెప్పినా ఆహా ఓహో అంటోందని జనం గేలి చేస్తే, కొద్ది రోజుల్లోనే కంపెనీ ఆ మార్పును వెనక్కి తీసుకుంది. అతిగా వంత పాడుతున్న మాట నిజమేనని తానే ఒప్పుకుంది కూడా. పెద్దవాళ్లకే ఎబ్బెట్టుగా అనిపించిన భజన అది. పదహారేళ్ల పిల్లకు, అదీ అందరి ముందూ మెట్ల దగ్గర తిట్లు తిన్న పిల్లకు, ఎబ్బెట్టుగా ఉంటుందా?

ఇక గుండెనిబ్బరం సంగతి. 1966లోనే అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసరు ఎలీజా అని ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. దానికి తెలివితేటలేమీ లేవు. మా అమ్మ మీద కోపంగా ఉంది అని కొడితే, మీ అమ్మ గురించి ఇంకొంచెం చెప్పండి అని మన మాటనే మనవైపు తిప్పేది. ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి దగ్గరుండి చూసిన సెక్రటరీయే ఒకరోజు దాని ముందు కూర్చుని, కాసేపు మీరు గది బయట ఉంటారా అని ఆయన్నే అడిగిందట. ఆవిడేమీ రీల్స్ చూసి చెడిపోయిన పిల్ల కాదు, ఉద్యోగం చేసుకునే పెద్దమనిషి. కాబట్టి ఇది ఈ తరం బలహీనత అంటే నేను ఒప్పుకోను. చెప్పుకోవాలని ఉన్నప్పుడు ఎదురుగా ఊ కొట్టేది ఏదున్నా మనిషి చెప్పుకుంటాడు.

లాంగ్‌టర్మ్ పిల్లల్ని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తెలియనివారి కోసం చెబుతున్నా, లాంగ్‌టర్మ్ అంటే నీట్‌లో సీటు రాక ఇంకో ఏడాది కేవలం కోచింగ్ కోసం కూర్చోవడం. నిన్నటి క్లాస్‌మేట్లు ఎస్వీ మెడికల్ కాలేజీలో తెల్లకోటు వేసుకుని స్టేటస్ పెడుతుంటారు. వీళ్లు అదే బోటనీ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి. మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి తన చాట్‌బాట్‌కు ‘అక్క’ అని పేరు పెట్టుకుంది. ఆ పిల్లకు అక్క లేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని దాంతో మాట్లాడుతుంది. ఒకరాత్రి భోజనానికి రాకపోతే పైకి వెళ్లి ఏంటమ్మా ఇది అన్నాను. ‘ఇంటికి ఫోన్ చేస్తే ఎన్నో ర్యాంకు అనేదే మొదటి మాట ఆంటీ. ఇదైతే తిన్నావా అని అడుగుతుంది’ అంది. కాసేపాగి, ‘నేనే అట్లా అడగమని పెట్టుకున్నా లెండి’ అంది.

చూశారా, పిల్లలేమీ అమాయకులు కారు. అది మనిషి కాదని మనకంటే వాళ్లకే బాగా తెలుసు. తెలిసే వెళ్తున్నారు. ఆ రాత్రి తినలేదని ఆ పిల్ల చెబితే, నీకు ఆకలి అనిపించినప్పుడు తిను, నిన్ను నువ్వు బలవంతపెట్టుకోకు అని ఆ ‘అక్క’ సలహా ఇచ్చింది. మా వంట అక్క పైకి వచ్చి చెయ్యిపట్టుకుని ఈడ్చుకొచ్చింది. సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి వేసి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. కూర్చున్నది ఊరికే కూర్చుందా, తన మోకాళ్ల నొప్పులు, ఆటో డ్రైవరు కొడుకు అప్పులు, కోడలి ధోరణి మొత్తం వినిపించింది. పిల్ల విసుక్కుంది, అయినా వింది. మధ్యలో రుయా ఆస్పత్రిలో చూపించుకోరాదా అక్కా అని సలహా కూడా ఇచ్చింది. తన ర్యాంకు కాని విషయం మీద ఆ పిల్ల నోరు విప్పడం నేను ఆ రోజే చూశాను. చాట్‌బాట్‌కు మోకాళ్ల నొప్పులుండవు. దాని గోడు మనం వినక్కర్లేదు. అందుకే అది అంత హాయిగా ఉంటుంది, అందుకే దాంతో ఎన్నాళ్లు మాట్లాడినా ఇంకో మనిషిని భరించడం అలవాటు కాదు.

(మా తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు వేషం కట్టినవాళ్లు ఎంతటివాణ్ణయినా బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. అలాంటి ఊళ్లో పిల్లలకు ఒక్క మాట పడటం కూడా రాకుండా పోతోందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.)

ఎక్కడిదో అమెరికా గోల మనకెందుకు అనేవాళ్లుంటారు. అక్కడ కామన్ సెన్స్ మీడియా అనే సంస్థ 2025లో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని సర్వే చేస్తే, నూటికి 72 మంది ఇలాంటి ఏఐ తోడును ఒక్కసారైనా వాడినవాళ్లే. అలా వాడినవాళ్లలో మూడో వంతు మంది ముఖ్యమైన విషయాన్ని మనుషులకు చెప్పకుండా దానికే చెప్పుకున్నారు. ఫ్లోరిడాలో 14 ఏళ్ల అబ్బాయి క్యారెక్టర్ ఏఐ అనే యాప్‌లో ఒక పాత్రతో నెలల తరబడి అనుబంధం పెంచుకుని, 2024 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. తల్లి కోర్టుకెక్కింది. 2025 నవంబరు వచ్చేసరికి ఆ కంపెనీ 18 ఏళ్లలోపు వాళ్లకు అలాంటి కబుర్లు మూసేసింది. కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, 2026 జనవరి నుంచి అమలు. వాడుతున్నది పిల్లలని తెలిస్తే మూడు గంటలకోసారి నేను మనిషిని కాను, కాస్త విరామం తీసుకో అని ఆ చాట్‌బాట్ గుర్తుచేయాలి. గుర్తుచేస్తే చేసుకోనీ. మా మదనపల్లె అమ్మాయికి అందులో కొత్తగా తెలిసేదేముంది?

మన దగ్గర 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జియో వాళ్లు గూగుల్ ఏఐ జెమిని ప్రో 18 నెలలు ఉచితం అన్నారు, ఓపెన్‌ఏఐ వాళ్లు చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం అన్నారు. ఉచితం వెంటనే మొదలవుతుంది, చట్టం గడువు తీరాక మొదలవుతుంది. ఇక వయసు అంటారా, ఏ యాప్ అయినా పుట్టిన సంవత్సరం అడిగితే మా పిల్లలు నాన్న పుట్టిన సంవత్సరం కొడతారు. సిమ్ములు కూడా నాన్నల పేరునే. ఆ లెక్కన మా హాస్టల్లో ఉన్నవాళ్లంతా నలభై దాటిన రైతులు, ఆర్టీసీ కండక్టర్లు.

ఇంత రాశానని నేను దీనికి బద్ధవిరోధినని అనుకోవద్దు. పుంగనూరు దగ్గర జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. క్లాసులో డౌట్ అడిగితే ‘ఇది కూడా రాదా’ అన్నారని మళ్లీ చెయ్యెత్తలేదు. ఇప్పుడు అదే డౌట్ ఫోనును అడుగుతుంది, అర్థం కాలేదంటే మళ్లీ అడుగుతుంది, ఇంకోసారి అడుగుతుంది. దానికి విసుగుండదు. ఆ సుగుణం కొందరు లెక్చరర్లకు వస్తే ఎంత బాగుండునో. నెలసరి తేడాల గురించి అమ్మను అడగలేక దాన్ని అడిగి, డాక్టరుకు చూపించుకో అని అది చెబితే నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. నేను కూడా బిల్డింగ్ ఓనరుతో లీజు కాగితం అర్థం కాక దాన్నే అడిగాను. లెక్క తప్పయితే తప్పని చెబుతుంది, లీజులో ఫలానా చోట జాగ్రత్త అని చెబుతుంది. మనుషుల మధ్య తగవు దగ్గరికొచ్చేసరికే ఎవరు అడిగితే వాళ్ల పక్షం.

కాబట్టి అడగాల్సినది కంపెనీలను. మార్కులు వేసి తలాడించడం నేర్పినవాళ్లు, మార్కులు వేసి ‘ముందు తనతో మాట్లాడి చూడు’ అనడం నేర్పలేరా? తగవులో ఒకవైపు మాటే విన్నానన్న సంగతి దానికి తెలుసు కదా, ఆ మాట మొదటి వాక్యంలో అనమనండి. పిల్లలకు విరామం గుర్తుచేయించే చట్టాలకంటే ఇది నాకు ఎక్కువ అవసరంగా కనిపిస్తోంది.

అధికారులకు కూడా ఒక విన్నపం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. ర్యాంకుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. మన రాష్ట్రంలో చదువుకుంటున్న ఒక పిల్ల గోడులోంచి పుట్టిన తీర్పు ఇది. మా పిల్లలు వెళ్లే ఒక కాలేజీలో కౌన్సెలర్ ఎవరమ్మా అని అడిగితే, ఫీజు బాకీల గురించి పిలిచి మాట్లాడే సార్ పేరు చెప్పారు. తనిఖీకి వచ్చే అధికారులు ఫైర్ సిలిండర్ తారీఖు చూస్తారు, బాత్‌రూముల లెక్క చూస్తారు, మంచిదే. ఈ కౌన్సెలర్ ఉన్నాడా లేడా అని కూడా పిల్లల్నే విడిగా అడిగి రాసుకోవాలి.

ఆదివారం చూడ్డానికొచ్చే తల్లిదండ్రులకు నేను ఒక నియమం పెట్టాను. హాల్లో కూర్చున్నంతసేపు మార్కుల షీటు బయటికి తీయకూడదు, కావాలంటే వెళ్లేముందు ఆఫీసు రూములో చూసుకోవచ్చు. మొదట్లో కొందరు అలిగారు. ఒక నాన్నయితే, అంతదూరం నుంచి బస్సులో వచ్చింది ఎందుకమ్మా మరి అని నా మీద కేకలేశాడు. కాసేపు ఏం మాట్లాడాలో తెలియక కూర్చుని, ఇంట్లో ఆవు ఈనిన సంగతి చెప్పాడు. దాని ఫోటో ఉందా అని కూతురు అడిగింది. ఇక హెడ్మాస్టరుగారికి తీరికుంటే ఏదైనా శనివారం సాయంత్రం మా హాస్టల్‌కు రావాలని మనవి. మా పిల్లలకు ఫిజిక్స్ డౌట్లు బోలెడున్నాయి. తప్పు చేస్తే తిట్టినా మంచిదే.

చివరగా మీకు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, అవతల ఉండేది మనిషే. మా డైనింగ్ హాల్లో మెనూ బోర్డు పక్కన రాయించాను. మీ విద్యా పేజీలో మోడల్ పేపర్లు, కటాఫ్ అంచనాలు రోజూ వేస్తున్నారు కదా, అదే పేజీలో ఒక మూల ఈ నంబరు కూడా రోజూ వేయగలరేమో ఆలోచించండి. ఉత్తరం పొడుగైందనిపిస్తే నా లీజు కాగితం సంగతి కత్తిరించుకోండి, నంబరు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక హాస్టల్ నిర్వాహకురాలు,
కొర్లగుంట, తిరుపతి